రాతి పొరలు చదవడం – 4వ పాఠం: కోట పొరల్లో ఏది ఎక్కడ వెతకాలి

గత పాఠంలో మూడు రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. వేలితో రుద్దితే ఇసుక రాలేది ఇసుకరాయి. తడిపితే జిగటగా మారేది బంకరాయి. గీకిన పొడి మీద నిమ్మరసం వేస్తే సన్నగా నురగ వచ్చేది సున్నపురాయి. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు పరిచిన ఇంట్లో ఉన్నవాళ్లు ఈ మూడో పరీక్షను నేల మీదే చేసి ఉంటారు. మెరుగు పోయిందని ఇంట్లో తిట్లు తిన్నారేమో, ఇకపై విరిగిన ముక్క మీద చేయండి.

ఈ పాఠంలో నేర్చుకునేది, రాయిని చూసి అందులో ఏ శిలాజం ఉండే అవకాశం ఉందో ముందే అంచనా వేయడం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నేల మీద కళ్లు పెట్టి ఎముకల కోసం తిరుగుతుంటారు. నా సలహా, ముందు ఎముకల సంగతి మర్చిపోండి. ఈ రాయి పారే నీటిలో పడిందా, నిలిచిన నీటిలో పడిందా, గాలికి ఆరిన నేలలో పడిందా అన్నది తేల్చుకోండి. అది తేలితే ఏం వెతకాలో, ఎంత సైజులో వెతకాలో సగం తెలిసిపోతుంది.

దీనికి కోట పొరల కంటే మంచి పాఠ్యపుస్తకం మన దగ్గర లేదు. కోట అనేది సిరొంచకు ఉత్తరాన, ప్రాణహిత ఎడమ గట్టున ఉన్న చిన్న ఊరు. ఇప్పుడు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉంది, కానీ ఆ ప్రాంతంలో తెలుగు బాగా వినిపిస్తుంది. 1850ల నాటికే అక్కడి సున్నపురాయిలో దొరికిన చేపల శిలాజాలు ఇంగ్లండు చేరాయి. ఆ ఊరి పేరే పొరలకు స్థిరపడింది. నదికి ఇటువైపు, మన తెలంగాణలోని యామన్‌పల్లి చుట్టుపక్కల కూడా ఇవే పొరలు ఉన్నాయి. వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు, అంటే జురాసిక్ కాలం. చేపలను బట్టి లెక్క కట్టినవాళ్లు జురాసిక్ తొలి భాగం అన్నారు, ఆస్ట్రకోడ్ అనే ఇసుకరేణువంత గుల్లజీవులను బట్టి లెక్క కట్టినవాళ్లు మధ్య భాగం అన్నారు. మన పనికి ఆ తేడా అడ్డు కాదు.

ముందు దిక్కు చూసుకుందాం. ప్రాణహిత–గోదావరి లోయలో పొరలు మొత్తం మీద ఈశాన్యానికి వాలి ఉంటాయి. పొర వాలిన దిక్కుకు నడిస్తే దాని మీద పేర్చుకున్న కొత్త పొరలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయని రెండో పాఠంలో చెప్పుకున్నాం. కాబట్టి సింగరేణి బొగ్గున్న బెల్లంపల్లి వైపు నుంచి ప్రాణహిత వైపు వెళ్తుంటే కాలంలో ముందుకు వస్తున్నట్టే. ముందు బొగ్గు పొరలు, తర్వాత మలేరి ఎర్రబంక, దాని మీద ధర్మారం పొరలు, ఆపైన కోట. బొగ్గు వయసు 27, 28 కోట్ల ఏళ్లు, మలేరిది 22, 23 కోట్లు. అయితే ఈ లోయ భూమి బీటవారి కుంగడం వల్ల ఏర్పడింది. పగుళ్ల దగ్గర పొరలు పైకీ కిందికీ జరిగిపోయాయి. ఉన్నట్టుండి రాయి మారిందంటే, కొత్త పొర వచ్చిందని రాసేసుకునే ముందు పగులు దాటామేమో చూడండి.

ఇక కోట పొరల్లోకి. అడుగున గులకరాళ్లు కలిసిన ఇసుకరాయి కనిపిస్తుంది. పక్క నుంచి చూస్తే దాని లోపల ఏటవాలు గీతలుంటాయి. ప్రవాహం ఇసుకను తోసుకుంటూ పోయి మేట వాలు మీదుగా జారవిడిచినప్పుడు పడే గీతలివి. గీత ఎటు దిగితే నీళ్లు అటు పారాయని అర్థం. ఒక్క గీతను నమ్మొద్దు. కనీసం పది చోట్ల దిక్కు రాసుకుని ఎక్కువ ఎటు ఉన్నాయో చూడండి, ఎందుకంటే నది వంకరలు తిరుగుతుంది.

పారే నీటి రాతిలో ఏం మిగులుతుంది? బరువైనవి, గట్టివి. చిన్నవి, పలుచనివి కొట్టుకుపోతాయి. ఇసుకరాయీ ఎర్రబంకా కలిసే ఈ అడుగు పొరల్లోనే మన పెద్ద డైనోసార్లు దొరికాయి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సిరొంచ ప్రాంతంలో తవ్వినప్పుడు కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు ఒకేచోట బయటపడ్డాయి. వాటితో పాటు రాయిగా మారిన పెద్ద చెట్ల మానులు కూడా. (లెక్కల సంస్థకు డైనోసార్లతో ఏం పని అని అడక్కండి, అది ఆ సంస్థను స్థాపించిన మహలనోబిస్ గారి ఆసక్తి.) 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో ఆయన పేరు కలిపి ఆ డైనోసార్‌కు బారాపాసారస్ టాగోరై అని పెట్టారు, 1975లో శాస్త్రీయంగా వర్ణించారు. పొడవు సుమారు 14 మీటర్లు. తొడ ఎముక ఒక్కటే మనిషి ఎత్తు ఉంటుంది.

రెండోది కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి 1988లో దీన్ని వర్ణించారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టింది దీని అస్థిపంజరమే. అది కూడా ఒక్క జంతువుది కాదు, చాలా జంతువుల ఎముకల గుట్టలోంచి వచ్చినది.

ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. దేనికీ పుర్రె దొరకలేదు, విడి పళ్లు కొన్ని మాత్రమే దొరికాయి. ఇది కేవలం దురదృష్టమా? రాయిని అడగండి. ఈ పొడుగు మెడ జంతువుల తల శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, పుర్రె ఎముకలు పలుచన, మెడతో పట్టూ తక్కువే. చచ్చిన జంతువు కుళ్లగానే ముందు విడిపోయేది తలే. చెట్ల మానులను కూడా లాక్కొచ్చిన వరద పలుచని పుర్రెను ఉంచుతుందా? తొడ ఎముకలు, వెన్నుపూసలు మాత్రం మేటలో కూరుకుపోయాయి. పళ్లకు ఎనామెల్ ఉంటుంది కాబట్టి అవి నిలిచాయి. బిర్లా సెంటర్‌కు వెళ్తే ఆ తల ముందు కాసేపు ఆగండి. అది ఊహించి చేసిన తల.

ఈ పొరలకు పైన పలుచని సున్నపురాయి పలకలు వస్తాయి. గులకరాళ్లు లేవు, ఏటవాలు గీతలు లేవు, పొరలు సమంగా పరుచుకుని ఉంటాయి. కదలని నీళ్లు, అంటే మడుగు లేదా సరస్సు. ఇక్కడ వెతకాల్సినది మారిపోతుంది. తొడ ఎముకల కోసం చూడకండి, పలకను పొర వెంట విడదీసి పక్క వెలుతురులో చూడండి. లెపిడోటిస్, పారాడాపీడియం లాంటి చేపలు ఒత్తుకుపోయిన రూపంలో ఇక్కడే దొరికాయి. వాటి పొలుసులు మందంగా, చతురస్రాన్ని పక్కకు లాగినట్టు, గోధుమ లేదా నలుపు రంగులో నిగనిగలాడుతుంటాయి. పొలుసులు వరస చెదరకుండా ఉన్నాయంటే చేప చచ్చిన చోటే నెమ్మదిగా కప్పుకుపోయిందని అర్థం. కొన్ని పలకల మీద ఎండిన చెరువు అడుగులో పడే నెర్రెలు, నాచు పొరలు కట్టిన గుర్తులు కూడా ఉంటాయి. అంటే నీళ్లు లోతు లేనివి, అప్పుడప్పుడూ ఎండిపోయేవి.

బంకరాయి చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంటుంది, కానీ చుంచెలుకంత తొలి క్షీరదాల పళ్లు కోట పొరల్లోని మెత్తని మట్టి నుంచే వచ్చాయి. పన్ను ఒకటి రెండు మిల్లీమీటర్లు, నడుస్తూ చూస్తే ఎవరికీ కనిపించదు. మట్టిని నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన నలుసులను మైక్రోస్కోప్ కింద ఏరతారు. విసుగు పుట్టించే పని, కానీ కోటథీరియం లాంటి పేర్లు లోకానికి తెలిసింది అలాంటి పళ్ల వల్లే.

ఎర్రబంకలో ఒక మోసం ఉంది. తెల్లటి సున్నపు ఉండలు ఎముక ముక్కల్లా కనిపిస్తాయి. విరిగిన అంచును భూతద్దంతో చూడండి. ఎముకైతే బయట బిగువైన పెంకు, లోపల స్పాంజిలా రంధ్రాలు ఉంటాయి. సున్నపు ఉండ లోపలంతా ఒకేలా ఉంటుంది, లేదా మధ్యలో బీటలు వారి ఉంటుంది. నాలుకకు ఆనిస్తే అంటుకుంటే ఎముకే అని కొందరు చెబుతారు. బంకమట్టి కూడా అంటుకుంటుంది, అందుకే నేనా పరీక్ష నేర్పను.

నిజంగా ఎముకే అనిపిస్తే పెకలించొద్దు. అది ఏ దిక్కుకు పడి ఉంది, ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది అన్నదే అసలు సమాచారం, తీసేస్తే అదంతా పోతుంది. పక్కన పెన్ను పెట్టి ఫోటో తీసి, లొకేషన్ రాసుకుని, జియలాజికల్ సర్వే వాళ్లకు తెలియజేయండి.

అభ్యాసం: వాగు గట్టు మీద అడుగు నుంచి పైకి ఇలా ఉందనుకోండి. 2 మీటర్ల గులకరాళ్ల ఇసుకరాయి, గీతలు ఉత్తరానికి దిగుతున్నాయి. దాని మీద 3 మీటర్ల ఎర్రబంక, అందులో సున్నపు ఉండలు. ఆపైన అర మీటరు సున్నపురాయి పలకలు, చివరి పలక మీద నెర్రెలు. ఒక సెంటీమీటరును ఒక మీటరుగా తీసుకుని నిలువు పట్టీ గీయండి. ప్రతి పొర పక్కన రెండు మాటలు రాయండి, నీళ్లు ఎలా ఉండేవి, ఏ శిలాజాన్ని ఏ పద్ధతిలో వెతుకుతారు. ఎర్రబంక మధ్యలో ఒకే ఒక్క పెద్ద వెన్నుపూస దొరికితే మీ అంచనా ఎలా మారుతుందో కూడా రాయండి. ఆ వెన్నుపూస సంగతితోనే 5వ పాఠం మొదలవుతుంది.