తుపాను నెలలు రాకముందే సీఎన్‌సీ రౌటర్ స్విచ్‌లు చూసుకోండి

విశాఖలో సొంతంగా సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క, ప్లాస్టిక్ లాంటివి కోసే మెషిన్) కట్టుకున్నవాళ్లకు రెండు బెడదలు. ఒకటి ఏడాది పొడవునా ఉప్పుగాలి, రెండోది అక్టోబర్, నవంబర్ తుపానులప్పుడు పోతూ వస్తూ ఉండే కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాం. అంత పెద్దది రాకపోయినా, చిన్న వాయుగుండానికే కరెంటు నాలుగుసార్లు పోయి వస్తుంది. వానలు ముదరకముందే ఒక ఆదివారం పూట మెషిన్ వైరింగ్ చూసుకోండి.

పోయినేడు నా మెషిన్‌లో వై యాక్సిస్ (ముందుకూ వెనక్కూ కదిలే దిశ) లిమిట్ స్విచ్, అంటే చివరికి చేరగానే మెషిన్‌ను ఆపాల్సిన స్విచ్, పనిచేయలేదు. గ్యాంట్రీ (కోసే మోటారును మోసుకుంటూ కదిలే అడ్డ దూలం) వెళ్లి ఫ్రేమ్‌కు గుద్దుకుంది. మోటారు గరగరమంటూ అక్కడే గింజుకుంది. స్విచ్ విప్పి చూస్తే టెర్మినల్ నిండా పచ్చటి చిలుము, ముట్టుకోగానే వైరు ఊడి చేతికొచ్చింది. ఆ స్విచ్‌ను నేను ఎన్‌ఓలో (నార్మల్లీ ఓపెన్) కలిపాను, అంటే నొక్కితేనే సర్క్యూట్ కలుస్తుంది. వైరు ఎప్పుడు పాడైందో కంట్రోలర్‌కూ (మెషిన్‌ను నడిపే బోర్డు) తెలియలేదు, నాకూ తెలియలేదు.

లిమిట్ స్విచ్ ఎప్పుడూ ఎన్‌సీలోనే (నార్మల్లీ క్లోజ్డ్) కలపండి. మామూలుగా సర్క్యూట్ కలిసి ఉంటుంది, నొక్కితే విడిపోతుంది. వైరు తెగినా, చిలుము పట్టినా, ఎలుక కొరికినా విడిపోతుంది కాబట్టి మెషిన్ ఆగుతుంది. ఒక యాక్సిస్ రెండు చివర్ల స్విచ్‌లనూ సిరీస్‌లో ఒకే పిన్‌కు తేవచ్చు. జీఆర్‌బీఎల్ (కంట్రోలర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు స్విచ్ రెండో వైరు గ్రౌండ్‌కు కలిపితే సెట్టింగుల్లో $5=1, హార్డ్ లిమిట్స్‌కు (స్విచ్ తగలగానే మెషిన్ ఆగే ఏర్పాటు) $21=1 పెట్టాలి. రెండు వైర్లు ఒకదానికొకటి అంటుకుపోతే మాత్రం ఎన్‌సీ కూడా పసిగట్టలేదు. అందుకే స్విచ్ దగ్గర ఒక్కో వైరుకు విడిగా స్లీవ్ వేయండి.

ఊరికే అలారం వస్తుంటే విసుగొచ్చి హార్డ్ లిమిట్స్ ఆఫ్ చేసేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. చాలాసార్లు కారణం స్పిండిల్ (కోసే టూల్‌ను తిప్పే మోటారు) వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ నుంచి వచ్చే విద్యుత్ నాయిస్. షీల్డెడ్ కేబుల్ వాడి, షీల్డ్‌ను కంట్రోలర్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయండి. స్పిండిల్ కేబుల్ పక్కన స్విచ్ వైరు నడపొద్దు. అప్పటికీ తగ్గకపోతే స్విచ్ సిగ్నల్‌ను 24 వోల్టులతో ఆప్టోకప్లర్ (వైరు కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం) ద్వారా తెచ్చుకోండి.

ఇక ఎర్ర బటన్. దాన్ని ఆర్డుయినో (కంట్రోలర్‌గా వాడే చిన్న బోర్డు) పిన్‌కు మాత్రమే కలిపి ఎమర్జెన్సీ స్టాప్ అనుకోవద్దు. బోర్డు హ్యాంగ్ అయితే ఆ బటన్ ఉన్నా లేనట్టే. బటన్ ఎన్‌సీ కాంటాక్ట్, కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు ఉన్నంతసేపే మెయిన్ సప్లైని కలిపి ఉంచే పెద్ద స్విచ్) కాయిల్‌కు సిరీస్‌లో ఉండాలి. కాంటాక్టర్ విడిపోతే వీఎఫ్‌డీ ఇన్‌పుట్, మోటార్ డ్రైవర్ల సప్లై రెండూ పోవాలి. పక్కనే ఆకుపచ్చ స్టార్ట్ బటన్, దానికి హోల్డింగ్ కాంటాక్ట్ (బటన్ వదిలాక కూడా కాంటాక్టర్‌ను పట్టి ఉంచేది) పెట్టండి. కరెంటు పోయి వచ్చినా ఆ బటన్ మళ్లీ నొక్కేదాకా మెషిన్ లేవదు. తుపాను రోజుల్లో నాకు నిశ్చింత ఇచ్చింది ఇదే. 230 వోల్టుల పని మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

బటన్ మెషిన్ మీదకు వంగకుండా చేతికందేలా ఉండాలి. నొక్కిన తర్వాత కూడా స్పిండిల్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, చేయి పెట్టొద్దు. జెడ్ యాక్సిస్ (పైకీ కిందకీ కదిలే భాగం) బరువుకు కిందకు జారవచ్చు, ముందే చూసుకోండి. వీఎఫ్‌డీ లోపలి కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే మూత తీయండి. రోజువారీ ఆపడానికి ఈ బటన్ వాడొద్దు.

చివరగా పరీక్ష. స్పిండిల్ ఆపి ఉంచి, ఒక్కో లిమిట్ స్విచ్‌ను వేలితో నొక్కండి. అలారం రావాలి. తర్వాత అన్నీ ఆఫ్ చేసి ఒక్కో స్విచ్ వైరు పీకి, మళ్లీ ఆన్ చేయండి. అప్పుడూ ఆ యాక్సిస్ లిమిట్ తగిలినట్టే చూపించాలి. ఆ తర్వాత, టూల్ లేకుండా తక్కువ స్పీడులో జాగ్ చేస్తూ (మెషిన్‌ను చేత్తో బటన్లు నొక్కి కదుపుతూ) ఎర్ర బటన్ నొక్కి చూడండి. మోటార్లు అక్కడికక్కడే నిలిచిపోవాలి. మెషిన్ ఎక్కడుందో ఆ పొజిషన్ లెక్క పోతుంది కాబట్టి హోమింగ్ (మెషిన్‌ను మొదటి స్థానానికి పంపి లెక్క సరిచేయడం) చేశాకే మళ్లీ పని మొదలుపెట్టండి.