ఊళ్లోకి బోర్డు పట్టుకెళ్లే ముందు: స్టాటిక్ టెస్టు ప్రోగ్రాముల జాగ్రత్తలు

వానాకాలం పనులు మొదలయ్యేలోపు దేవరకొండ, అచ్చంపేట వైపు బోరు మోటార్ల దగ్గరి చిన్న లినక్స్ బోర్డుల్ని పరీక్షించి రావాల్సిన వాళ్ల కోసం ఇది. నల్గొండలో టేబుల్ మీద చక్కగా నడిచిన టెస్టు అక్కడ మొరాయిస్తే ఇబ్బందే. సిగ్నల్ ఉండకపోవచ్చు, కరెంటు పోవచ్చు, రైతేమో పక్కనే నిలబడి చూస్తుంటాడు.

బోర్డులో లైబ్రరీలు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) ఉండవు కాబట్టి కావాల్సినవన్నీ ప్రోగ్రాము లోపలే ఉండేలా స్టాటిక్‌గా లింక్ చేస్తాం. సద్ది మూటగట్టుకుని పొలం పోయినట్టన్న మాట. కానీ గ్లిబ్‌సీతో (లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీతో) కట్టిన మూటలో కొన్ని ఉండవు. పేరు ఇచ్చి ఐపీ అడ్రస్ అడిగే గెట్‌అడ్రఇన్ఫో, యూజర్ వివరాలు అడిగే గెట్‌పీడబ్ల్యూనామ్ లాంటివి వాడితే, నడిచేటప్పుడు అదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలు కావాలని ముక్కల్ని కలిపి ప్రోగ్రాము చేసే లింకర్ వార్నింగ్ ఇస్తుంది. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. వదలొద్దు. టెస్టులో పేరు బదులు నేరుగా ఐపీ, యూజర్ పేరు బదులు యూఐడీ నంబరు (యూజర్‌కి సిస్టమ్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాస్తే సరిపోతుంది. అవి తప్పనిసరైతే మజిల్ అనే మరో సీ లైబ్రరీతో కట్టండి.

నడిచేటప్పుడు లైబ్రరీని తెరిచే డీఎల్ఓపెన్ ఫంక్షన్ వాడే టెస్టులదీ ఇదే గొడవ. ముఖ్యంగా వీడీఎస్ఓ టెస్టులు. కెర్నెల్ (లినక్స్ మూల భాగం) ప్రతి ప్రాసెస్‌లోకీ మ్యాప్ చేసే చిన్న లైబ్రరీ ఇది, డిస్క్ మీద ఫైలుగా ఉండదు. దాన్ని డీఎల్ఓపెన్‌తో వెతికే కోడ్ డైనమిక్‌గా (లైబ్రరీలు బయటినుంచి తెచ్చుకునేలా) ఉన్నప్పుడు పనిచేస్తుంది, స్టాటిక్‌లో దాన్ని నమ్ముకోలేం. గెట్‌ఆక్స్‌వాల్‌తో ఏటీ_సిస్‌ఇన్ఫో_ఈహెచ్‌డీఆర్ విలువ (వీడీఎస్ఓ మొదలయ్యే అడ్రస్) తీసుకుని, అక్కడున్న ఈఎల్ఎఫ్ (లినక్స్ ప్రోగ్రాము ఫైళ్ల ఫార్మాట్) సింబల్ పట్టికను మనమే చదువుకోవాలి. కెర్నెల్ సోర్స్‌లోని సెల్ఫ్‌టెస్టుల్లో ఇందుకోసం పార్స్_వీడీఎస్ఓ అనే ఫైలు రెడీగా ఉంది, మళ్లీ రాయక్కర్లేదు.

థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనుల) విషయం ఇంకా మోసపూరితం. లింకు సాఫీగా అవుతుంది, నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమొరీ తప్పుతో ఆగిపోవడం). కారణం: .ఏ ఫైల్లోంచి (స్టాటిక్ లైబ్రరీ ఫైలు) లింకర్ తనకు తప్పనిసరైన ముక్కలే తెస్తుంది. వీక్ సింబల్ (దొరక్కపోయినా లింకు ఆగని పేరు) కోసమని కొత్త ముక్క తీసుకురాదు, దాంతో ఆ ఫంక్షన్ అడ్రస్ సున్నాగా మిగిలిపోతుంది. 2021లో వచ్చిన గ్లిబ్‌సీ 2.34లో థ్రెడ్ల లైబ్రరీ అయిన పీథ్రెడ్‌ను మెయిన్ లైబ్రరీలోనే కలిపేశారు కాబట్టి ఈ తలనొప్పి తగ్గింది. పాత టూల్‌చైన్ (కంపైలర్, లింకర్ సెట్) అయితే పీథ్రెడ్ చుట్టూ ముక్కలన్నీ తెచ్చే హోల్-ఆర్కైవ్ ఆప్షన్ పెట్టండి. లైబ్రరీల పేర్లు ఎప్పుడూ ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాతే రావాలి.

మెమొరీ ఇచ్చే మల్లాక్ ఫంక్షన్‌ను మార్చి చూడటానికి ఎల్‌డీ_ప్రీలోడ్ (మన లైబ్రరీని ముందుగా లోడ్ చేయించే సెట్టింగు) మీద ఆధారపడ్డ టెస్టులు స్టాటిక్‌లో ఊరికే పాసైపోతాయి, ఎందుకంటే దాన్ని పట్టించుకునే, లైబ్రరీలు తెచ్చే లోడరే ఉండదు. ఫెయిలైన టెస్టు కన్నా ఇలా పాసైన టెస్టే నాకు ఎక్కువ టెన్షన్. మెమొరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌ను కూడా జీసీసీ కంపైలర్ స్టాటిక్‌తో కలపనివ్వదు. దానికి విడిగా డైనమిక్ బిల్డ్ ఉంచుకుని ఇక్కడే నడపండి.

'సీ లైబ్రరీ దొరకలేదు' అని లింకర్ అంటే మీ మిషన్‌లో స్టాటిక్ లైబ్రరీ లేదని అర్థం. ఫెడోరాలో గ్లిబ్‌సీ-స్టాటిక్ విడిగా వేసుకోవాలి, డెబియన్, ఉబుంటులో డెవలప్‌మెంట్ ప్యాకేజీలోనే వస్తుంది.

బయల్దేరే ముందు రోజు బైనరీ (కట్టిన ప్రోగ్రాము ఫైలు) మీద 'ఫైల్' కమాండ్ నడిపి, స్టాటిక్ అనీ, బోర్డు ప్రాసెసర్‌కే కట్టిందనీ చూసుకోండి. ఫైలు కళ్ల ముందే ఉన్నా 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని వస్తే, చాలాసార్లు అది డైనమిక్ బైనరీయే. దొరకనిది దాని లోడర్. తర్వాత బోర్డును అనుకరించే క్యూఎములో, ఆ ఒక్క ప్రోగ్రామే ఉన్న, బూట్‌లో మెమొరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్ అయిన ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌తో బూట్ చేయండి. మీ ల్యాప్‌టాప్‌లో ఊరికే నడిపితే, లోపల లేనివన్నీ బయట దొరికి తప్పు బయటపడదు. కెర్నెల్ సమాచారం చూపే ప్రాక్, సిస్ ఫైల్‌సిస్టమ్‌లు మౌంట్ చేసే పని కూడా అప్పుడు మీ ప్రోగ్రాముదే. టెస్టునే ఇనిట్‌గా (మొదటి ప్రాసెస్‌గా) నడిపితే చివర్లో మామూలుగా ఎగ్జిట్ కావొద్దు, కెర్నెల్ ప్యానిక్ అవుతుంది. ఫలితం ప్రింట్ చేసి, సింక్ చేసి (మిగిలిన డేటాను డిస్క్‌కి రాయించి), రీబూట్ కాల్‌తో పవర్ ఆఫ్ చేయించండి.