కాళ్లు అందే క్రూజర్ బండి ఎంచుకోవడం ఎలా

నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. మొదటిసారి పెద్ద బండి కొన్నప్పుడు సీటు ఎత్తు ఎంతో అడగలేదు, రంగు చూశా, సౌండ్ విన్నా, అడ్వాన్స్ కట్టేశా. షోరూమ్‌లో కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. అక్కడున్న అబ్బాయి "వారం రోజులు నడిపితే అదే అలవాటైతది అన్నా" అన్నాడు, నేను నమ్మాను. పదో రోజు సాయంత్రం మా వరంగల్ దగ్గర ములుగు రోడ్డు మీద వస్తుంటే ఫోన్ మోగింది, బండిని ఎడమ అంచుకు తీసి ఆపి కాలు చాపితే కాలికి నేల తగల్లేదు. అక్కడ గొయ్యేమీ లేదు. వాన నీళ్లు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు కదా, ఆ వాలే నాకు అందాల్సిన రెండు అంగుళాలు మింగేసింది. 190 కిలోల బండి ఒకసారి పక్కకు ఒరిగాక మునివేళ్ల మీద ఆపడం ఎవరి వల్లా కాదు. క్లచ్ లివర్ విరిగింది, మోకాలు చెక్కుకుపోయింది. కానీ అసలు నష్టం ఆ తర్వాత మొదలైంది. ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి యూటర్న్ దగ్గరా కాలు అందుతుందా లేదా అనే టెన్షన్. ఏడాది తిరక్కుండానే అమ్మేశా.

క్రూజర్, అంటే సీటు కిందికి, హ్యాండిల్ వెడల్పుగా ఉండి కాళ్లు ముందుకు చాపి కూర్చునే బండి, కొనాలనుకునే పొట్టివాళ్లకు ఆ నష్టం, ఆ భయం వద్దని ఇది రాస్తున్నా. నడుస్తున్న బండికి మన ఎత్తుతో పెద్దగా పనిలేదు, చేతులు, పాదాలు అందితే 5 అడుగుల వాళ్లు కూడా పెద్ద బండిని రోడ్డు మీద నడపగలరు. ఎత్తుతో పని పడేది ఆగేటప్పుడు, మళ్లించేటప్పుడు, పార్కింగ్‌లోంచి వెనక్కి నెట్టేటప్పుడు. కాబట్టి బండిని నడిపి చూడటం కన్నా, ఆపి చూడటం ముఖ్యం.

ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలబడండి, ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి గజ్జల దాకా పైకి నొక్కండి, పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, అక్కడి నుంచి నేల దాకా టేపుతో కొలవండి. అదీ మీ కాలి పొడవు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో కూడా ఇది రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తుంది, అందుకే "నీ ఎత్తువాడు ఆ బండే నడుపుతున్నాడు" అనే మాట మీద కొనకూడదు. నాకు 72 సెంటీమీటర్లు వచ్చింది. షూ వేస్తే ఇంకో రెండో మూడో కలుస్తాయి, మనం కూర్చోగానే మన బరువుకు షాకప్స్ కొంచెం కుంగి బండి కూడా కిందికి వస్తుంది. అంటే కాగితం మీద సీటు ఎత్తు మీ కాలి కొలత కన్నా కాస్త ఎక్కువున్నా ఇబ్బంది ఉండకపోవచ్చు. అయిదారు సెంటీమీటర్లు మించితే మాత్రం ఆలోచించాలి.

ఇప్పుడు బండ్ల సంగతికి వద్దాం. బజాజ్ అవెంజర్ సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు, స్ట్రీట్ 160 అయితే 156 కిలోలు, క్రూజ్ 220 అయితే 163 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు 765, బరువు 191 కిలోలు. అదే కంపెనీ క్లాసిక్ 350 సీటు 805 మిల్లీమీటర్లు, నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. చెప్పుకుంటే నాలుగు సెంటీమీటర్లే, కానీ పాదం మొత్తం ఆనడానికీ మునివేళ్ల మీద నిలబడటానికీ ఉన్న తేడా అదే. చాలామంది క్లాసిక్‌ను కూడా క్రూజర్ అనే అనుకుని షోరూమ్‌కు పోతారు, పొట్టివాళ్లు అక్కడే ఒకసారి ఆగి మీటియర్ మీద కూడా కూర్చుని చూడాలి. ఇక సూపర్ మీటియర్ 650 సీటు 740, అంటే మీటియర్ కన్నా కిందికే ఉంటుంది, కానీ బరువు 241 కిలోలు. కవాసాకి ఎలిమినేటర్ సీటు 735, బరువు 176 కిలోలు, 451 సీసీ. కొలతల ప్రకారం మనలాంటి వాళ్లకు అంతకన్నా నప్పే బండి కష్టమే, ధర దగ్గరే చిక్కు. మోడల్ మారినప్పుడల్లా ఈ అంకెలు కాస్త అటూ ఇటూ మారుతుంటాయి, కొనే రోజు బ్రోచర్‌లో మళ్లీ చూసుకోండి.

ధర మాట వచ్చింది కాబట్టి ఇదీ తెలుసుకోండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటిన వాటికి 40 శాతం పడుతోంది. 350 లోపు చూసేవాళ్లకు అది మంచి కబురు.

సీటు ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. సీటు వెడల్పు కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే క్రూజర్ సీట్లు కుర్చీలా వెడల్పుగా ఉంటాయి, తొడలు రెండు పక్కలకు విచ్చుకుంటాయి, అక్కడే కాలి పొడవు కొంత పోతుంది. సీటు ముందు భాగం, ట్యాంకు కలిసే చోట, సన్నగా ఉందా చూడండి. ఆగేటప్పుడు మనం కొంచెం ముందుకు జరుగుతాం కాబట్టి అక్కడ సన్నగా ఉంటే కాలు నిటారుగా దిగుతుంది. బరువు సంగతి కూడా అంతే, షోరూమ్ బండిలో పెట్రోల్ అడుగున ఉంటుంది, మీరు 15 లీటర్లు నింపితే పదకొండు కిలోలు పైన ట్యాంకులో చేరతాయి, ఆ మీద క్రాష్ గార్డులు, బ్యాగులు. టెస్ట్ రైడ్‌లో తేలిగ్గా అనిపించిన బండి ఇంటికొచ్చాక బరువనిపించడానికి కారణం ఇదే.

షోరూమ్‌కు రోజూ వేసుకునే షూతోనే పోండి. లావు అడుగున్న బూట్లు వేసుకుపోయి కాలు అందిందని కొంటే, చెప్పులతో పాల ప్యాకెట్ కోసం పోయిన రోజు తెలుస్తుంది. బండిని ఎవరూ పట్టుకోకుండా సైడ్ స్టాండ్ మీద ఉండగా మీరే ఎక్కండి, మీరే నిటారుగా లేపండి. ఈ ఒక్క పనిలో నడుం బిగుసుకుపోతే మిగతావి చూడక్కర్లేదు. లేపాక రెండు కాళ్లూ కింద పెట్టండి. రెండు మడమలూ ఆనాలని పట్టుబట్టకండి, రెండు పాదాల ముందు భాగం గట్టిగా ఆని, కొంచెం ఎడమకు జరిగితే ఎడమ పాదం మొత్తం ఆనితే చాలు. ఇప్పుడు కూర్చునే బండిని పది అడుగులు వెనక్కి నెట్టండి. పొట్టివాళ్లకు అసలు పరీక్ష ఇదే, ఎందుకంటే ముందుకు ఇంజిన్ తీసుకుపోతుంది, వెనక్కి మన పాదాలే తీసుకుపోవాలి, మునివేళ్లకు అంత పట్టు ఉండదు. నున్నటి టైల్స్ మీద కాకుండా బయట షెడ్డు ముందు నెట్టి చూస్తానని అడగండి, మొహమాటపడకండి, లక్షలు పోసి కొంటున్నాం.

తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పండి, కుడి చేయి గ్రిప్పును వదలకుండా, భుజం ముందుకు లాగేయకుండా అందుతోందా? అలాగే కుడికి. క్రూజర్ హ్యాండిళ్లు వెడల్పుగా ఉంటాయి కాబట్టి యూటర్న్‌లో బయటి చేయి చాలా దూరం పోతుంది, చేతులు పొట్టిగా ఉన్నవాళ్లు సరిగ్గా అక్కడే బ్యాలెన్స్ తప్పుతారు. ఫుట్‌రెస్టులు కూడా ముందుకు ఉంటాయి. కాళ్లు చాపి కూర్చున్నప్పుడు గేరు, వెనక బ్రేకు పాదానికి తేలిగ్గా తగలాలి, బ్రేకు కోసం సీటులో ముందుకు జారాల్సి వస్తే ఆ బండి మీది కాదు. క్లచ్ లివర్‌ను వేళ్లు బలవంతంగా చాపకుండానే పట్టుకోగలగాలి, కొన్ని బండ్లకు లివర్ దూరం మార్చే చిన్న చక్రం ఉంటుంది, అదుందా అడగండి.

టెస్ట్ రైడ్ అంటే సాఫు రోడ్డు మీద ఎనభై స్పీడులో పోయి రావడం కాదు. మీరు రోజూ ఆగే చోట్ల ఆపి చూడండి. కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కుతుండగా ముందు బస్సు ఆగితే మీరూ ఆగాలి, అక్కడ ఎడమ కాలు కింద పెట్టి కుడి కాలితో వెనక బ్రేకు పట్టుకుని, వెనక్కి జారకుండా మళ్లీ కదలగలుగుతున్నారా? హనుమకొండ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి అడుగడుగుకూ ఆగుతూ పదినిమిషాలు నడిపితే మోకాళ్లే చెబుతాయి. రోడ్డు ఎడమ అంచున ఆపి, నాకు జరిగింది మీకూ జరుగుతుందేమో అక్కడే తేల్చుకోండి.

ఊళ్ల వైపు తిరిగేవాళ్లయితే ఇంకొకటి. వానకాలం పంట, యాసంగి పంట చేతికొచ్చినప్పుడు మన దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచుకు రాళ్లు పేర్చి ఉంటాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనం ఆగక తప్పదు. ఒకసారి పాలంపేట రామప్ప గుడికి పోతూ అలాగే ఆగాను, కాలు పెట్టింది పల్చగా చెదిరిన వడ్ల మీద. పాదం కింద ఒక్కో గింజ దొర్లుతూ షూ మెల్లగా బయటికి జారుతోంది, బండి దానితో పాటే ఒరుగుతోంది. అప్పటికి నేను నడిపేది మీటియర్, మడమ ఆనింది కాబట్టి నిలబడ్డా. పాత బండయితే వడ్ల మీదే పడుకునేవాణ్ణి. కంకర మీదైనా, తడి బురద మీదైనా ఇంతే, పాదం ఎంత ఎక్కువ ఆనితే అంత పట్టు.

నచ్చిన బండి ఒక అంగుళం తేడాతో అందట్లేదనుకోండి, అప్పుడు చేయగలిగినవి ఉన్నాయి. సీటు కుట్టేవాళ్ల దగ్గర ముందు భాగంలో ఫోమ్ తగ్గించి, పక్కలు సన్నం చేయిస్తే రెండు సెంటీమీటర్ల దాకా కలిసొస్తుంది, మధ్యలో ఎక్కువ కోయించకండి, మేడారం దాకా పోయేసరికి నడుం పట్టేస్తుంది. వెనక షాకప్స్ బిగింపు తగ్గిస్తే కొంచెం కిందికి వస్తుంది. ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు) దించడం, లింకులు (వెనక షాకప్‌ను కలిపే ముక్కలు) మార్చడం లాంటివి మాత్రం నేను వద్దంటాను. మీటియర్‌కు నేలకూ బండికీ మధ్య 170 మిల్లీమీటర్లుంటుంది, సూపర్ మీటియర్‌కు 135 మాత్రమే, మన ఊళ్లలో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లకు అదే తక్కువ, ఇంకా దించితే అడుగు తగులుతుంది. పైగా బండి దిగిపోతే సైడ్ స్టాండ్ పొడవైపోయి బండి నిటారుగా నిలబడి కుడి వైపు పడే ప్రమాదం ఉంది. అంతకన్నా సీటు తక్కువున్న బండి కొనడమే నయం.

మా చెల్లె సరిగ్గా 5 అడుగులు ఉంటుంది, అవెంజర్ 160 తీసుకుంది. "ఆడపిల్లకు స్కూటీ చాలు" అన్నవాళ్లు ఉన్నారు, తను పట్టించుకోలేదు. ఇంజిన్ చిన్నదని నేనే మొదట అడ్డం పడ్డా, కానీ సందులోంచి బండిని ఒక్కతే వెనక్కి తీసి రోడ్డెక్కించడం చూశాక నాది తప్పని ఒప్పుకున్నా. రోజూ ఎవరి సాయం లేకుండా తీసి పెట్టగలిగే బండే మన బండి.

కొన్నాక మొదటి నెల వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. ఎక్కించుకున్నాక కూడా మీరు రెండు కాళ్లూ ఆనించి "ఎక్కు" అన్నాకే ఎక్కాలని, దిగేటప్పుడు చెప్పి దిగాలని ఇంట్లో అందరికీ చెప్పిపెట్టండి, పొట్టివాళ్ల బండ్లు చాలావరకు అప్పుడే ఒరుగుతాయి. ఆగబోయేటప్పుడు హ్యాండిల్ నిటారుగా ఉంచండి, తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టారంటే బండి అటు పక్కకే కూలుతుంది. పార్కింగ్‌లో ముక్కు వాలు వైపు పెట్టకండి, తర్వాత ఎత్తు మీదికి వెనక్కి నెట్టాల్సి వస్తుంది.

పడితే లేపడం కూడా నేర్చుకోవాలి, ఇంటి ముందు ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని పాత దుప్పటి మీద ఒకసారి చేసి చూడండి. ఇంజిన్ ఆపి గేరులో వేయాలి, కుడి పక్క పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి పెట్టాలి. బండికి వీపు తిప్పి సీటు అంచుకు పిరుదులు ఆనించి కూర్చున్నట్టు వంగి, హ్యాండిల్‌ను నేల వైపుకు పూర్తిగా తిప్పి ఒక చేత్తో గ్రిప్పు, ఇంకో చేత్తో సీటు కింది రాడ్ పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్లతో నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయాలి. మా చెల్లె మూడో ప్రయత్నంలో లేపింది.