సేవ్ కాని ఫైల్, చాలని మెమొరీ

మొన్న ఆదివారం అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ సేవ్ చేయబోతే కంప్యూటర్ అనుమతి లేదంది. కాసేపటికే ‘అవుట్ ఆఫ్ మెమొరీ’ అంటూ బ్రౌజర్ మూసుకుపోయింది. వైరస్సేమోనని టెన్షన్ పట్టుకుంది. పూర్తి స్కాన్ చేస్తే ఏమీ దొరకలేదు.

ఏ ప్రోగ్రామ్ ఎంత మెమొరీ వాడుతోందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమొరీ చూశాను. 8 జీబీ ర్యామ్‌లో ఇంకా కొంత ఖాళీ ఉంది, కానీ ‘కమిటెడ్’ దగ్గర రెండు అంకెలూ (మాటిచ్చిన మెమొరీ, దాని పరిమితి) దాదాపు సమానం. కిటుకంతా ఇక్కడే ఉంది. ప్రోగ్రాములకు మాటిచ్చిన మెమొరీ మొత్తం ఒక పరిమితి దాటకూడదు. ఆ పరిమితి అంటే ర్యామ్, ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్ మీద వాడుకునే పేజింగ్ ఫైల్ కలిపి. సీ డ్రైవ్‌లో చోటు కోసం వారం క్రితం ఆ ఫైల్‌ను నేనే తీసేశాను! అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ మెమొరీని (ఆ పేజింగ్ ఫైల్ సెట్టింగ్ ఇదే) మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చి, పాత వీడియోలు వేరే డిస్క్‌లోకి తరలించి, రీస్టార్ట్ చేశాను. ఆ ఎర్రర్ మళ్లీ రాలేదు.

అనుమతి గొడవ వేరు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ భయంతో విండోస్ సెక్యూరిటీలో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అదే వారం ఆన్ చేశాను. నమ్మకం లేని ప్రోగ్రాములను అది డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయనివ్వదు. దయచేసి దాన్ని పూర్తిగా ఆపేయకండి. బ్లాక్ హిస్టరీలో పేరు చూసి, ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే అనుమతి ఇచ్చాను. ప్రాజెక్ట్ వెంటనే సేవ్ అయింది.