స్లో మెటబాలిజం ఉన్నా బరువు తగ్గడం ఎలా? ముందు నూనె ప్యాకెట్ మీద తేదీ రాయండి

"నాకు నీళ్లు తాగినా ఒళ్ళొస్తుంది" అని మా అమ్మ అనేది, మా పెద్దమ్మ అనేది. బెంగళూరు వచ్చిన ఆరేళ్లకి నేనూ అదే పాట అందుకున్నాను, కాకపోతే కాస్త స్టైలుగా "నాది స్లో మెటబాలిజం" అని. మాది అనంతపురం, ఉండేది కుందలహళ్లి దగ్గర, ఉద్యోగం రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో. అప్పుడు నా వయసు 36, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు, పైగా థైరాయిడ్. ఇప్పుడు 63 కిలోలు. 14 నెలలు పట్టింది. నెలకి పది కిలోలు తగ్గించే చిట్కా కోసం చూస్తుంటే మాత్రం ఇక్కడ అది లేదు.

అసలు ఎంత స్లో?

మెటబాలిజం అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. మనం ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, మెదడు, కాలేయం పనిచేయాలి, ఒంట్లో వేడి నిలవాలి, వీటన్నిటికీ శరీరం చేసే ఖర్చు. దాన్ని అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం ఉంది. బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో గుణించి రెండూ కలపండి, అందులోంచి వయసుకి ఐదు రెట్లు తీసేయండి, ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయండి, మగవాళ్లయితే 5 కలపండి. నాకు 1,366 కేలరీలు వచ్చింది. రోజంతా కూర్చునే ఉద్యోగం కాబట్టి దాన్ని 1.3తో గుణిస్తే దాదాపు 1,775. అంటే ఆ మేరకు తింటే నేను లావూ అవను, సన్నబడను.

ఈ లెక్క చాలామందికి నూటికి పది అటూ ఇటూ ఉంటుంది. నాది పది శాతం స్లో అనే అనుకుందాం, పోయేది రోజుకి 140 కేలరీలు. ఆ అంకె చూసి కాసేపు మాట రాలేదు, ఎందుకంటే రోజుకి మూడు కప్పుల కాఫీలో నేను వేసుకునే చక్కెరే 100 కేలరీలు.

వయసు మీద పడింది, అందుకే అనేవాళ్లకి ఇంకో సంగతి. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ఎనిమిది రోజుల పసిబిడ్డ నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చుని చూశారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, 20 నుంచి 60 ఏళ్ల మధ్య ఆ ఖర్చు దాదాపు మారలేదు. 60 తర్వాతే ఏటా 0.7 శాతం చొప్పున తగ్గింది. మరి ముప్పైలలో మనకి ఏమైందంటే, ఊళ్లో కాళ్లకి ఉన్న పని ఇక్కడ లేదు. క్యాబ్‌లో గంటన్నర, కుర్చీలో తొమ్మిది గంటలు, సోఫాలో రెండు.

ముందు రక్తపరీక్ష

అలాగని అంతా మన తప్పేనని కూడా అనుకోకండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), చక్కెర, హిమోగ్లోబిన్ చూపించుకోండి. నెలసరి సరిగా రాకపోతే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) గురించి డాక్టర్‌ని అడగండి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక ఆరోగ్య మందులు కూడా బరువు పెంచుతాయి. అలా అని వాటిని మీ అంతట మీరు ఆపేయకండి, వేరే మందు ఉందేమో అడగండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌తో మాట్లాడకుండా తిండి తగ్గించకూడదు.

థైరాయిడ్ వల్ల వచ్చే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరూ. ఈ మాట మా డాక్టర్ చెప్పినప్పుడు నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. మిగతాది నాదే అని ఒప్పుకోడానికి టైం పట్టింది. ఇంకో తప్పు కూడా అప్పుడే తెలిసింది. నేను పొద్దున్నే మాత్ర వేసుకుని వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేదాన్ని. అలా తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు. ఖాళీ కడుపుతో నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

కడుపు మాడ్చుకోకండి

నేనూ మాడ్చుకున్నాను. మూడు వారాలు సూపులు, దోసకాయ ముక్కలు. 4 కిలోలు తగ్గాను, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి 5 పెరిగాను. ఇలా ఎందుకవుతుందో 1944-45లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చూశారు. 36 మంది యువకులకి ఆరు నెలలు అరకొర తిండి పెడితే, వాళ్ల బరువులో నాలుగో వంతు పోయింది, శరీరం చేసే ఖర్చు 40 శాతం మేర తగ్గిపోయింది, పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించేవాళ్లు. అంటే మెటబాలిజాన్ని నిజంగా స్లో చేసుకునే దారి ఏదైనా ఉందంటే అది పస్తులే.

అందుకని లోటు చిన్నదే పెట్టుకోండి, రోజుకి 300 నుంచి 400 కేలరీలు. నేను 1,775లోంచి 350 తీసేసి 1,425 అనుకున్నాను. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు, కాబట్టి కాగితం మీద నెలకి కిలోంబావు పైగా తగ్గాలి. నిజంలో పండగలు, పెళ్లిళ్లు, ప్రాజెక్ట్ రిలీజ్‌లు ఉంటాయి, నాకు సగటున ముప్పావు కిలో కూడా పడలేదు.

నూనె ప్యాకెట్ మీద తేదీ

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే, పైసా ఖర్చు లేదు. కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు రాయండి. అంతే.

లీటరు నూనె దాదాపు 910 గ్రాములు, గ్రాముకి 9 కేలరీలు. మా ఇంట్లో మేమిద్దరమే, ప్యాకెట్ తొమ్మిది రోజుల్లో అయిపోయింది. అంటే మనిషికి రోజుకి 50 గ్రాములు, 450 కేలరీలు! మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే 2,000 కేలరీల పళ్ళెంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. మాకు నెయ్యి వేరేగా ఉంది, ఆవకాయలో నూనె ఇంకా వేరే. నేను రోజూ తిట్టుకునే ఆ 140 కేలరీల స్లో మెటబాలిజం కన్నా మా గుత్తొంకాయ కూరే ఎక్కువ తినిపిస్తోంది. నేను డైటింగ్ చేస్తున్నానని మా ఆయన ప్రేమగా వేయించి ఇచ్చిన కాకరకాయ వేపుడు సంగతి సరేసరి.

లెక్క తేలిగ్గా గుర్తుండాలంటే, ఇద్దరుంటే లీటరు ప్యాకెట్ కనీసం 17 రోజులు రావాలి, ముగ్గురుంటే 11 రోజులు. ఎలా రప్పించాలి? డబ్బాలోంచి వంచడం మానేసి చెంచాతో కొలవండి, ఒక పెద్ద చెంచా అంటే 120 కేలరీలు. వేపుళ్ళు వారానికి రెండుసార్లే, మిగతా రోజుల్లో ముక్కలు ముందు ఆవిరి మీద ఉడికించి తర్వాత తాలింపు. బాణలి మందంగా ఉంటే నూనె తక్కువ పడుతుంది. బయట నుంచి తెచ్చుకునే కూరలు ఈ లెక్కలోకి రావు కాబట్టి ప్యాకెట్ ఎక్కువ రోజులు వచ్చిందని మరీ సంబరపడకండి. వేరుశనగ సంగతి కూడా చెప్పాలి, అనంతపురం దాన్ని కాబట్టి బాధగానే చెప్తున్నాను. గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. మంచి తిండే, కానీ టీవీ ముందు కూర్చుంటే గుప్పెడు దగ్గర ఎవరాగుతారు?

పళ్ళెంలో ఏం మార్చాలి

అన్నం మానేయక్కర్లేదు. ఉడికిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలు, నేరమంతా దాన్ని కొండలా పెట్టుకోవడంలో ఉంది. బెంగళూరు రాగానే చాలామంది రాగి ముద్ద తింటే సన్నబడతామని మొదలుపెడతారు. మన సంగటే కదా, నాకూ ఇష్టమే, పీచు ఉంటుంది, కాల్షియం ఉంటుంది. కానీ రాగి పిండినీ బియ్యాన్నీ ఒకే బరువు తూచి చూస్తే కేలరీల్లో పెద్ద తేడా లేదు. రెండు ముద్దలు, పైన నెయ్యి, పక్కన నాటుకోడి పులుసు అంటే అది విందు.

మార్చాల్సింది ప్రోటీన్. అరిగించుకోడానికే ప్రోటీన్ తన కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చుపెట్టిస్తుంది, పిండిపదార్థాలు 5 నుంచి 10, కొవ్వు మూడు లోపే. పైగా ఆకలి త్వరగా వేయదు. నేను రోజుకి 70 గ్రాములు అనుకున్నాను. పొద్దున 60 గ్రాముల పెసలతో పెసరట్టు 14, రెండు గుడ్లు 12, మధ్యాహ్నం 50 గ్రాముల కందిపప్పు 11, ఒక గిన్నె పెరుగు 7, రాత్రి 30 గ్రాముల సోయా ముక్కలు 15, మిగతాది అన్నం, రొట్టెల్లోంచి వస్తుంది. మాంసం తినేవాళ్లకి ఇంకా సులువు. మన ఇళ్లలో పప్పు అంటూనే నీళ్లు ఎక్కువ పోస్తాం, గట్టిగా చేసుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ పెంచేముందు డాక్టర్‌ని అడగాలి.

పీజీలో ఉండే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు వంట చేతిలో లేదు, తెలుసు. మారతహళ్లిలో తెలుగు పీజీ అంటే పొద్దున పులిహోర, రాత్రి అన్నం, మధ్యలో ఆంధ్రా మెస్‌లో అన్‌లిమిటెడ్ మీల్స్. అన్నం ఒక్కసారే పెట్టించుకోండి, పప్పు రెండుసార్లు. ఎలక్ట్రిక్ కెటిల్‌తో పాటు గుడ్లు ఉడికించే చిన్న మెషిన్ ఒకటి కొనుక్కోండి, వేయించిన శనగలు ఒక డబ్బాలో పెట్టుకోండి. శనివారం రాత్రి బిర్యానీ తినండి, ఆదివారం మధ్యాహ్నం మిగిలిన బిర్యానీ వద్దు.

నడక, బరువులు

నడకని జిమ్‌లా ఒక గంటకి కట్టేయకండి. 10,000 అడుగులు అనే అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి పుట్టిందే తప్ప డాక్టర్లు పెట్టింది కాదు. మీరు ఇప్పుడు 3,000 నడుస్తుంటే 5,000 చేయండి, అక్కడ అలవాటయ్యాక 7,000. నేను చేసిందల్లా పర్పుల్ లైన్ మెట్రోకి మారి, స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలేసి మెట్లెక్కడం, ఫోన్ వస్తే లేచి తిరుగుతూ మాట్లాడటం, రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు అపార్ట్‌మెంట్ చుట్టూ నడవడం. అమ్మతో ఫోన్ కాల్ ఎలాగూ నలభై నిమిషాలు, అదీ నడకలో కలిసిపోయింది. ఆదివారం లాల్‌బాగ్ పోయినా బాగుంటుంది, బయటికొచ్చాక దర్శినిలో (ఇక్కడి నిలబడి తినే హోటల్) బెణ్ణె దోశ, అదే వెన్న దోశ, తినేస్తే మాత్రం లెక్క సున్నా.

బరువులు ఎత్తడం వారానికి రెండు మూడు రోజులు. కండ పెంచితే పడుకున్నా కొవ్వు కరుగుతుందని జిమ్ ట్రైనర్లు చెప్తారు, అది ఎక్కువ చేసి చెప్పడమే. కిలో కండ విశ్రాంతిలో రోజుకి 13 కేలరీలే ఖర్చుపెడుతుంది. అసలు లాభం ఏంటంటే, తిండి తగ్గించినప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండనీ కరిగించేస్తుంది, బరువులెత్తితే ఆ కండ నిలబడుతుంది. ఒక జిమ్‌లో నాకు ఫ్యాట్ బర్నర్ డబ్బా అంటగట్టారు. గుండె దడ, నిద్ర లేకపోవడం తప్ప ఏమీ కరగలేదు.

ఇంట్లోనే చాలు. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, గోడకి పుషప్‌లు, 10 కిలోల బియ్యం సంచి నేల మీంచి నడుము వంగకుండా ఎత్తడం, పుస్తకాల బ్యాగ్‌ని నడుము దాకా లాగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు. చివరి రెండు కష్టంగా ఉండాలి, లేకపోతే అది పని కాదు. సులువైపోగానే గోడ నుంచి టేబుల్‌కి, టేబుల్ నుంచి నేలకి దిగండి. ఊపిరి బిగబట్టకండి, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లు. మోకాలు నొప్పి ఉంటే ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోండి.

నిద్ర గురించి ఒక్క మాట. ఐదు గంటలు పడుకున్న మర్నాడు నాకు నాలుగింటికల్లా బజ్జీల బండి కనిపిస్తుంది, ఏడు గంటలు పడుకుంటే కనిపించదు. బండి అక్కడే ఉంటుంది.

కాటా ఆగిపోతే

ఆగుతుంది. నాకు 67 దగ్గర ఏడు వారాలు కదల్లేదు. ముందు తెలుసుకోవాల్సింది, ఉప్పు, నీరు, నెలసరి వల్లే బరువు కిలో రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే వారంలో మూడు రోజులు పొద్దున్నే చూసి సగటు రాసుకోండి, ఒక్కరోజు అంకె చూసి టెన్షన్ పడకండి. టేపుతో నడుము కూడా కొలవండి. మన దేశంలో ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. ఆ ఏడు వారాల్లో నా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది.

నాలుగు వారాలు రెండూ కదలకపోతే సూత్రం మళ్లీ కట్టండి. ఒళ్ళు తగ్గిందంటే దాని ఖర్చూ తగ్గుతుంది, 72 కిలోల మనిషి తిండి 67 కిలోల మనిషికి ఎక్కువే. నాకు 65 కేలరీలు తేడా వచ్చింది. కాఫీలో చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి దించాను, రాత్రి నడక ఐదు నిమిషాలు పెంచాను. అప్పటికే పాతదైన నూనె ప్యాకెట్ తేదీ మళ్లీ చూస్తే, 17 రోజులు రావాల్సింది మెల్లగా 12 రోజులకి జారిపోయి ఉంది.