జీపీఏ రాసివ్వమన్నారా? ముందు ఆ కాగితం రెండో పేజీ చదవండి

మా పెద్దమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేదు. ఊళ్లో ఇంటి పన్ను ఇంకా చనిపోయిన పెదనాన్న పేరునే వస్తోంది, దాన్ని తన పేరుకి మార్పించాలి. "ఓ పవరాఫ్ అటార్నీ రాయించుకురా నాన్నా, సంతకం పెట్టేస్తా" అంది. డాక్యుమెంట్ రైటర్ పావుగంటలో మూడు పేజీలు ప్రింటు తీసిచ్చాడు. రెండో పేజీ మధ్యలో ఇలా ఉంది: "సదరు ఆస్తిని విక్రయించుటకు, తాకట్టు పెట్టుటకు, క్రయధనము స్వీకరించి రసీదు ఇచ్చుటకు..." పన్ను రసీదులో పేరు మారడానికి ఇల్లు అమ్మే అధికారం నాకెందుకండీ అంటే "అందరికీ ఇదే ఫార్మాట్ సార్" అన్నాడు. ఆ ముక్కలన్నీ తీసేయించి, మళ్లీ ప్రింటు వేయించుకున్నాకే అక్కణ్ణించి లేచాను. నేను చదవకపోయినా పెద్దమ్మ సంతకం పెట్టేసేదే. ఇది రాస్తున్నది అందుకే.

పవర్ ఆఫ్ అటార్నీ అంటే మీ తరఫున ఫలానా పని చేసే అధికారం ఇంకొకరికి ఇస్తూ రాసే కాగితం, మన పెద్దవాళ్లు ముక్తారునామా అనేవారు. ఆ కాగితంలో రాసిన మేరకు అవతలి మనిషి ఏ సంతకం పెట్టినా అది మీరు పెట్టినట్టే లెక్క, తర్వాత "నాకు తెలియదు" అంటే కుదరదు. దీనికి 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం ఉంది, ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ మధ్య సంబంధాన్ని మాత్రం 1872 నాటి కాంట్రాక్టు చట్టం చూస్తుంది.

రకాల విషయానికొస్తే, ఒకే ఒక్క పనికి ఇచ్చేది స్పెషల్ పవర్, అంటే ఎస్పీఏ. ఫలానా సర్వే నంబరులో ఫలానా ప్లాటు రిజిస్ట్రేషన్‌కి హాజరు కావడం లాంటిది, ఆ పని అయిపోగానే దాని బతుకూ అయిపోతుంది. అద్దెలు వసూలు, కోర్టు పనులు, పన్నులు, అమ్మకం అన్నీ కలిపి ఇచ్చేది జనరల్ పవర్, అదే జీపీఏ. నన్నడిగితే పదిలో తొమ్మిది పనులకి ఎస్పీఏ చాలు. ఇంకో పని పడితే ఇంకోటి రాసిద్దురుగాని, ఖర్చు కాస్త ఎక్కువైనా రాత్రి నిద్ర పడుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో రెండు బాగా వినిపిస్తాయి. బిల్డరుకి స్థలం ఇచ్చేటప్పుడు డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతో కలిపి రాసే జీపీఏ ఒకటి, అమ్మకపు ఒప్పందంతో కలిపి రాసే ఏజీపీఏ రెండోది. వీటిలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే పుచ్చుకున్నవాళ్లకి ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే, కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం వాళ్ల ప్రయోజనం దెబ్బతినేలా మీరు ఒంటరిగా రద్దు చేయలేరు.

కొనేవాళ్లకి ఒక మాట. "జీపీఏ మీద ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది" అంటే ఒప్పుకోకండి. 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏ అమ్మకాలతో హక్కు బదిలీ కాదని, రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాల్సిందేనని తేల్చేసింది. ఇంట్లోవాళ్లకి నిజంగా పనుల కోసం ఇచ్చే పవర్లకి ఆ తీర్పుతో ఇబ్బంది లేదు.

ఇక రాయించడం. ఆస్తి పేరు, సర్వే నంబరు, హద్దులు, చేయాల్సిన పని, ఎప్పటిదాకా అన్న తేదీ, ఇవన్నీ స్పష్టంగా ఉండాలి. అమ్మమని ఇస్తుంటే కనీస ధర, డబ్బు ఏ ఖాతాలో పడాలో కూడా రాయించండి. మీరు ఇండియాలోనే ఉంటే, స్థిరాస్తి విషయంలో నోటరీతో సరిపెట్టకుండా సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టండి. కదల్లేని పెద్దవాళ్లయితే ఆఫీసువాళ్లే ఇంటికొచ్చే ఏర్పాటు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, అడగండి. స్టాంపు డ్యూటీ కుటుంబసభ్యులకిస్తే ఒక రకంగా, బయటివాళ్లకి అమ్మే అధికారంతో ఇస్తే ఇంకో రకంగా ఉంటుంది, కాబట్టి ఎంతో ఆఫీసులోనే కనుక్కోండి.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లోనే సంతకం పెట్టేసి, కాగితం పట్టుకుని కాన్సులేట్‌కి వెళ్తారు. అలా కాదు, అధికారి ఎదుటే పెట్టాలి. కాన్సులేట్ వద్దనుకుంటే, అమెరికా లాంటి దేశాల్లో నోటరీ చేయించి అపోస్టిల్ (ఆ నోటరీ సంతకం, ముద్ర అసలువేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించే దారి ఉంది. ఒరిజినల్ ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, దీన్నే ఇక్కడ వాలిడేషన్ అంటారు, ఈ పని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. వచ్చిన కొరియర్ కవరు పారేయకండి, ఏ తేదీన చేరిందో చూపించడానికి అదే రుజువు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం చెప్తా. అమ్మానాన్నలు మతిమరుపు జబ్బున పడితే జీపీఏ ఉంది కదా అనుకుంటారు చాలామంది. ఇచ్చినవాళ్లు చనిపోయినా, మతిస్థిమితం పోయినా మామూలు పవర్ అక్కడితో ఆగిపోతుంది. విదేశాల్లో ఉన్నట్టు జబ్బు తర్వాతా నడిచే పవర్ మన చట్టంలో లేదు, అప్పుడు కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి నియమించుకోవాలి. అందుకే వాళ్లు బాగున్నప్పుడే వీలునామా రాయించుకోమని, బ్యాంకు ఖాతాల్లో నామినీలు చూసుకోమని చెప్పండి. ఈ పనులు వాళ్ల తరఫున పవర్ ఉన్న మనిషి చేసేవి కావు, వీలునామా అయితే అసలే కాదు.

రద్దు చేయాలనుకుంటే ఊరికే ఫోన్లో చెప్తే చాలదు. రిజిస్టరైన పవర్ అయితే రద్దు పత్రం కూడా రిజిస్టర్ చేయించండి, ఆ మనిషికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, బ్యాంకుకీ అద్దెకున్నవాళ్లకీ రాతపూర్వకంగా చెప్పండి, పేపర్లో ప్రకటన కూడా వేయించండి. రద్దు సంగతి తెలియని మూడో మనిషి ఈలోగా ఏదైనా లావాదేవీ చేసుకుంటే అది మీ మెడకే చుట్టుకుంటుంది. ఒరిజినల్ కాగితం వెనక్కి తీసుకోండి, తర్వాత కొన్ని నెలలు ఆ ఆస్తి ఈసీ (దానిమీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం) తీసి చూస్తూ ఉండండి.