వేసవి ఎక్స్ఛేంజ్‌కి (పిల్లలు విదేశంలో ఓ కుటుంబంతో కొన్నాళ్లు ఉండి వచ్చే కార్యక్రమానికి) బయలుదేరే ముందు

ముందు పాస్‌పోర్టు గడువు చూడండి. ప్రయాణం తర్వాత కూడా 6 నెలలు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. తక్కువుంటే వీసాకన్నా ముందు రెన్యువల్. 18 ఏళ్లు నిండని పిల్లలు ఒంటరిగా వెళ్తుంటే అమ్మానాన్నలిద్దరూ సంతకం చేసిన అనుమతి పత్రాన్ని నోటరీ చేయించి చేతిసంచిలో పెట్టండి. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో అడిగేసరికి పెద్ద పెట్టె ఇంకా చేతికి రాదు.

మందులు స్ట్రిప్పుల్లోంచి విప్పి ఒకే డబ్బాలో కలిపేయొద్దు, డాక్టరు చీటీ వెంట ఉండాలి. పవర్‌బ్యాంకు కూడా చేతిసంచిలోనే. ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో 100–240 వోల్టులని ఉంటే ప్లగ్ అడాప్టర్ ఒక్కటే చాలు.

ఆతిథ్యమిచ్చే కుటుంబానికి ముందే ఉత్తరం రాయించండి. పడని తిండి, అలర్జీలు పేరుపేరునా చెప్పాలి. మొహమాటానికి "ఏదైనా తింటాను" అని రాస్తే అక్కడ ఇబ్బంది పడేది పిల్లలే.